ఆఫ్ చేసినంత మాత్రాన ఆగినట్టు కాదు

ఇంట్లో చిన్న రిపేరు మొదలుపెట్టేటప్పుడు అందరూ చేసేది ఒకటే. స్విచ్ ఆపుతారు, వాల్వు తిప్పేస్తారు, మెషీన్ బటన్ వదిలేస్తారు, ఆ వెంటనే చెయ్యి పెడతారు. దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే. స్విచ్ ఆపినా తీగలో కరెంటు ఉండొచ్చు. వాల్వు మూసినా పైపులో ఒత్తిడి మిగిలి ఉంటుంది. బటన్ వదిలినా డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. మూలన పడేసిన నూనె గుడ్డ లోలోపల వేడెక్కుతూ ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు అన్నీ కావాల్సినవే, వాటి సంగతీ రాస్తాను. కానీ "ఇది నిజంగా ఆగిందా? ఆగిందని నాకెలా తెలుసు?" అని తేల్చుకోవడం వాటన్నిటికంటే ముందు రావాలి.

కరెంటు పని

గోడ మీద స్విచ్ ఆపి బల్బు హోల్డర్ విప్పడం చాలామందికి అలవాటు. స్విచ్ అనేది ఫేజ్ తీగను, అంటే కరెంటు తెచ్చే తీగను, తెంపాలి. వైరింగ్‌లో పొరపాటున న్యూట్రల్‌కి, అంటే కరెంటు తిరిగి పోయే తీగకు, స్విచ్ పడి ఉంటే బల్బు ఆరిపోతుంది, హోల్డర్ దాకా ఫేజ్ మాత్రం వస్తూనే ఉంటుంది. చూడటానికి తేడా ఏమీ ఉండదు. అందుకే ఎంత చిన్న పనైనా ఆ లైను ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే బ్రేకర్ స్విచ్) దించాలి. ఏ ఎంసీబీ దేనిదో రాసి లేకపోతే మెయిన్ దించడమే మేలు. ఒకే స్విచ్‌బోర్డులోకి లైట్లకొక లైను, పవర్ సాకెట్‌కొక లైను వచ్చే ఇళ్లు చాలా ఉంటాయి. ఫ్యాన్ ఆగింది కదా అని ప్లేటు విప్పితే, పక్కనే ఉన్న సాకెట్ వెనక తీగకు వేలు తగులుతుంది.

మెయిన్ దించినా ఆగనివి ఉన్నాయి. మొదటిది ఇన్వర్టర్. మెయిన్ దించగానే అది కరెంటు పోయిందనుకుని, లైట్లు ఫ్యాన్ల లైనుకు బ్యాటరీ నుంచి సరఫరా మొదలుపెడుతుంది. ఆ తీగ ఇచ్చే షాక్ మామూలు కరెంటు షాక్‌కి ఏమాత్రం తీసిపోదు. కాబట్టి ఇన్వర్టర్ బటన్ ఆపి, దాని అవుట్‌పుట్ ఎంసీబీ కూడా దించాకే నిచ్చెన వెయ్యండి. రెండోది సౌర పలకలు: వాటి నుంచి కిందికి వచ్చే డీసీ తీగల్లో ఎండ ఉన్నంతసేపూ వోల్టేజీ ఉంటుంది. మూడోది మీటరు నుంచి మెయిన్ స్విచ్ దాకా ఉన్న ముక్క. మెయిన్ దించితే చచ్చేది దాని తర్వాతి భాగమే. మెయిన్‌లోకి వచ్చే టెర్మినళ్లు ఎప్పుడూ బతికే ఉంటాయి. ఈ చివరి రెండు చోట్లా ఇంటివాళ్లు చెయ్యి పెట్టే పని లేనే లేదు.

ఇక టెస్టర్. స్క్రూడ్రైవర్‌లా ఉండి లోపల చిన్న దీపం వెలిగే టెస్టర్ మీ ఒంటి గుండా నేలకు పోయే అతి సన్నటి కరెంటుతో పనిచేస్తుంది. మీరు ఎండు చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ దీపం మసకబారుతుంది. పగటి వెలుతురులో అది అసలు కనిపించకపోవచ్చు. అంటే "వెలిగింది" అన్న కబురును నమ్మొచ్చు, "వెలగలేదు" అన్నదాన్ని నమ్మకూడదు. తీగను తాకకుండానే పలికే పెన్ను టెస్టర్‌కీ ఇలాంటి లోపాలే ఉన్నాయి: బ్యాటరీ తగ్గితే మూగబోతుంది, పక్క తీగ ప్రభావానికే అరుస్తుంది. రెండు పుల్లల మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. దాన్ని ఏసీ వోల్టులకు పెట్టి, కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో ముందు చూడండి. తర్వాత పని చేయబోయే చోట ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడు జతలూ చూడండి. చివరగా మళ్లీ ఆ తెలిసిన సాకెట్‌లో చూడండి. మధ్యలో మీటరే పాడైపోయి సున్నా చూపించిందేమో తేలాలంటే ఈ మూడో అడుగు తప్పదు. మెయిన్ దించేశాక ఇంట్లో బతికున్న సాకెట్ దొరకదు కాబట్టి, విడి ఎంసీబీ దించి చేసే పనిలో ఇది తేలిక. మెయిన్ దించాల్సి వస్తే, ఇన్వర్టర్ అవుట్‌పుట్ ఎంసీబీ దించి, ఇన్వర్టర్ పెట్టె మీద ఉన్న సాకెట్‌లో ముందూ చివరా మీటరు చూసుకుని, ఆ తర్వాత ఇన్వర్టర్‌నూ ఆపాకే చెయ్యి పెట్టండి. తీగ రంగును బట్టి మాత్రం ఏదీ తేల్చుకోకండి. రంగుల పద్ధతి కాలాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది, వేసినవాళ్ల చేతిలో ఏ చుట్ట ఉందో దాన్ని బట్టి కూడా మారుతుంది.

దించిన ఎంసీబీ మీద టేపు అతికించి "పని జరుగుతోంది, ఎత్తొద్దు" అని కాగితం పెట్టండి. ఫ్యూజు రకం అయితే ఆ ఫ్యూజు జేబులో వేసుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పండి. గదిలో కరెంటు లేదని చూసి ఎవరో వెళ్లి ఎంసీబీ ఎత్తేయడానికి నిమిషం చాలు.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుందిలే అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చే భ్రమ. 16 ఆంపియర్ల ఎంసీబీ కాపాడేది తీగను. మనిషికి 0.03 ఆంపియర్లు దాటినా ప్రాణం మీదికి వస్తుంది, అది 16లో దాదాపు ఐదు వందలో వంతు. మనిషి కోసం ఉండేది, నేలకు పోయే కరెంటును పసిగట్టి లైను తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. దాని మీద ఉన్న టెస్ట్ బటన్‌ను లేబుల్ మీద రాసిన గడువు ప్రకారం నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే అది ఉన్నా లేనట్టే. దానికీ ఒక హద్దుంది: ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే నేలకు కరెంటు పోదు కాబట్టి ఆర్‌సీసీబీ పసిగట్టలేదు. ఇన్వర్టర్ తర్వాతి లైనుకు విడిగా ఇంకొకటి లేకపోతే, బ్యాటరీ మీద నడిచేటప్పుడు ముందున్న ఆర్‌సీసీబీ ఆ లైనును కాపాడదు.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేయడం గురించి ఒక్క మాట. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, అది పడిపోయేలోపు గోడలో తీగ మీద తొడుగు కరుగుతుంది. పడిపోతోందంటే లోడ్ ఎక్కువైందనో, ఎక్కడో షార్ట్ ఉందనో చెబుతోంది. ఆ నోరు నొక్కకండి.

ఫ్యాన్ కండెన్సర్ మార్చేటప్పుడు, కరెంటు తీసేసినా అందులో కొంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. అది కొట్టే దెబ్బ చిన్నదే, కానీ నిచ్చెన మీద ఉలిక్కిపడితే పడిపోతారు. కండెన్సర్ రెండు కాళ్లనూ, కరెంటుకు కలపకుండా పాత ఫిలమెంట్ బల్బు పెట్టిన విడి హోల్డర్ తీగలకు తాకిస్తే ఛార్జ్ దిగిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లోది వేరే లెక్క, అక్కడ 2,000 వోల్టులు దాటుతాయి. ఆ పెట్టె మూత ఇంట్లో విప్పకూడదు.

గోడకు రంధ్రం

గోడలో దాచిన తీగలు మామూలుగా స్విచ్‌బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకీ కిందికీ, లేదా అడ్డంగా పోతాయి. నీళ్ల పైపులు కొళాయికి నిలువుగా, అడ్డంగా పోతాయి. కాబట్టి బోర్డుకు, కొళాయికి తిన్నగా పైనా కిందా పక్కనా రంధ్రం వేయకండి. అలాగని మిగతా గోడంతా క్షేమం అని కాదు, ఏటవాలుగా లాగినవాళ్లూ ఉంటారు. గోడలో తీగలు పసిగట్టే పరికరం ఉంటే దాన్నీ వాడండి, అయినా ఆ గది ఎంసీబీ దించి, వేరే గది నుంచి పొడుగు తీగతో డ్రిల్‌కు కరెంటు తెచ్చుకోండి.

స్క్రూ కోసం గోడలో దూర్చే 8 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 8 మిల్లీమీటర్ల బిట్ సరిపోతుంది. ప్లగ్ పొడవు కంటే 10 మిల్లీమీటర్లు లోతుగా వేస్తే దుమ్ముకు చోటుంటుంది. ఆ లోతు దగ్గర బిట్‌కు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. టైలు మీద హ్యామర్ మోడ్ (బిట్ తిరుగుతూ కొట్టే పద్ధతి) ఆపి, నెమ్మది వేగంతో మొదలుపెట్టాలి. పై పొర దాటి గోడ తగిలాకే హ్యామర్. బిట్ లోపలి ఇనుప చువ్వకు తగిలి బిగుసుకుంటే మెషీన్ మొత్తం మీ మణికట్టును తిప్పేస్తుంది. పక్క పిడి ఉన్నది అందుకే, రెండో చెయ్యి దాని మీద ఉండాలి. డ్రిల్ దగ్గర వదులు గ్లోవ్స్ వేసుకోకండి. గుడ్డ అంచు బిట్‌కు చుట్టుకుంటే వేలిని కూడా లాక్కుపోతుంది. చున్నీ, గొలుసు, జారిపోయే చొక్కా చేతులు, విరబోసుకున్న జుట్టు అన్నిటికీ ఇదే మాట.

పైపు దాచడానికి గోడ చెక్కేటప్పుడు ఒక కొలత గుర్తుంచుకోండి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డం గాడి ఆరో వంతు మించకూడదు. అడ్డం గాడి గోడను ఎక్కువ బలహీనపరుస్తుంది కాబట్టే అంత తేడా. స్తంభాన్నీ దూలాన్నీ అసలు ముట్టుకోకూడదు.

గ్రైండర్ దగ్గర కాసేపు ఆగుదాం

ఇంటి పనిముట్లలో నాకు అన్నిటికంటే భయం యాంగిల్ గ్రైండర్ అంటేనే, అంటే డిస్క్ తిప్పి ఇనుము, టైలు, రాయి కోసే చేతి మెషీన్. మంచి డిస్క్ మీద దాని గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది: 100 మిల్లీమీటర్ల దానికి నిమిషానికి 15,300 చుట్లు, 125 దానికి 12,200, 180 దానికి 8,500. మూడింటిలోనూ అంచు వేగం ఒకటే, సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. ఇప్పుడు నిమిషానికి 11,000 చుట్లు తిరిగే చిన్న గ్రైండర్‌కు, లోతుగా కోయడం కోసం గార్డు (డిస్క్‌ను కప్పే రక్షణ మూత) పీకేసి 180 డిస్క్ బిగించారనుకోండి. అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. డిస్క్ ముక్కలైతే ఆ ముక్కలు వచ్చేది పట్టుకున్నవాళ్ల ముఖం వైపే. చిన్న మెషీన్‌కు పెద్ద డిస్క్, గ్రైండర్‌కు పళ్లున్న చెక్క కోత బ్లేడు, గార్డు లేని గ్రైండర్: ఈ మూడింటికీ ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

డిస్క్ మధ్యలో ఉన్న లోహపు రింగు మీద నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అది గడువు. రేకుల్లాంటి ఈ డిస్కులను పట్టి ఉంచేది జిగురు, అది తేమకూ వయసుకూ బలం కోల్పోతుంది. కొత్త డిస్క్ బిగించాక గార్డు మీ వైపు ఉంచి, ఎవరూ ఎదురుగా లేకుండా 30 సెకన్లు ఖాళీగా తిప్పండి. కోత డిస్క్‌తో పక్కకు రుద్దకండి. కోసే ముక్కకు రెండు కొసల కింద మాత్రమే ఆసరా పెడితే, కోత చివర్లో ముక్కలు లోపలికి వంగి డిస్క్‌ను పట్టేస్తాయి, మెషీన్ ఎగిరి వెనక్కి తంతుంది. కోసి పడేసే ముక్క గాల్లో ఉండి కిందికి విడిపోవాలి. మీరు డిస్క్ గీతకు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడాలి.

బటన్ ఆపాక డిస్క్ ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతుంది. అప్పుడే నేల మీద పెడితే మెషీన్ పరిగెత్తి కాలి మీదికి వస్తుంది. డిస్క్ మార్చే ముందు ప్లగ్ పీకాలి, బ్యాటరీ మెషీన్ అయితే బ్యాటరీ తీయాలి. ఇంకొకటి: కోస్తుండగా కరెంటు పోతే చాలామంది మెషీన్‌ను అలాగే కింద పెట్టి వెళ్లిపోతారు. కొన్ని గ్రైండర్లలో బటన్ ముందుకు తోస్తే అక్కడే నిలిచిపోతుంది. కరెంటు తిరిగి రాగానే అది తనంతట తానే మొదలవుతుంది. కరెంటు పోయిన క్షణమే బటన్ వెనక్కి లాగండి.

కళ్లకు మామూలు చూపు అద్దాలు చాలవు. ఈఎన్ 166 లేదా జెడ్ 87 గుర్తున్న, పక్కలు మూసిన పాలీకార్బొనేట్ అద్దాలు కావాలి. గ్రైండర్ చేసే చప్పుడు దాదాపు 100 డెసిబెల్స్. 85 దగ్గర చెవి 8 గంటలు ఓర్చుకుంటుందనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. రబ్బరు చెవి ప్లగ్‌లు జేబులో పట్టేంత చిన్నవి, పెట్టుకోండి. నిప్పురవ్వలు చాలా మీటర్ల దూరం పోతాయి. రంపపు పొట్టు, థిన్నర్ డబ్బా, పరుపు లాంటివి ముందే తీసేసి, పని అయ్యాక కనీసం 30 నిమిషాలు అక్కడ కన్నేసి ఉంచండి.

టైలు, సిమెంటు, రాయి కోస్తే వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే అది బయటికి రాదు. నీళ్లు చల్లుతూ కోయడం మొదటి మందు, ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు రెండోది. నీటితో కోసేటప్పుడు మెషీన్ ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే ఉండాలి, నీళ్లు మోటారు వైపు పోకూడదు. గుడ్డ మాస్కు సిలికాను ఆపదు. ఎన్95 కూడా పెయింటు, థిన్నర్ ఆవిరిని ఆపదు, దానికి కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు వేరే ఉంటుంది. పాత ఇళ్ల రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకకుండా తడిపి గీకండి. ఆస్బెస్టాస్ రేకును ఇంట్లో కోయడం, రంధ్రం వేయడం వద్దు.

నిచ్చెన

గోడకు ఆనించే నిచ్చెన 4 మీటర్ల ఎత్తున ఆనితే, కాళ్లు గోడకు 1 మీటరు దూరంలో ఉండాలి. ఇంకా దగ్గరగా ఉంటే వెనక్కి పడుతుంది, దూరంగా ఉంటే కాళ్లు జారతాయి. మేడ ఎక్కడానికి వేస్తే అంచు దాటి ఇంకో మీటరు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి. మడత నిచ్చెన పై రెండు మెట్ల మీద నిలబడకండి. మీ బొడ్డు ఎప్పుడూ రెండు పక్క కమ్మీల మధ్యే ఉండాలి. అందకపోతే దిగి నిచ్చెన జరపండి. కరెంటు పనికి అల్యూమినియం నిచ్చెన వద్దు, ఫైబర్‌గ్లాస్‌దో ఎండు చెక్కదో వాడండి. బల్ల మీద కుర్చీ వేయడం నిచ్చెన కిందికి రాదు.

నీళ్లు, గీజర్, సంప్

పైపు విప్పే ముందు వాల్వు మూయడంతో సరిపోదు. కింది అంతస్తులో అన్నిటికంటే పల్లంగా ఉన్న కొళాయి తిప్పి, ధార ఆగి, గాలి పీల్చే చప్పుడు వచ్చేదాకా ఆగండి. గీజర్ అయితే ముందు ఎంసీబీ, తర్వాత నీళ్లు చల్లారడం, ఆ తర్వాత వాల్వు. దాని పక్కన ఉండే ప్రెజర్ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని మూత బిగించేవాళ్లున్నారు. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఉన్న ఒకే దారి ఆ వాల్వు. దాన్ని మూస్తే గీజర్ బాంబు అవుతుంది. పని అయ్యాక వేడినీళ్ల కొళాయి నుంచి నిండు ధార వచ్చాకే స్విచ్ వేయండి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ మాడిపోతుంది.

సంప్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చాలాకాలం మూతవేసి ఉన్న గుంటలో తుప్పు, కుళ్లు ఆక్సిజన్‌ను తినేస్తాయి. బయటి గాలిలో అది 20.9 శాతం. 6 శాతం దగ్గరికి పడితే నిమిషంలోపే స్పృహ పోతుంది, ముందు ఆయాసం కూడా తెలియకపోవచ్చు. కుళ్లిన గుడ్ల వాసన ఉండి మాయమైతే హైడ్రోజన్ సల్ఫైడ్ పోయిందని కాదు, అది ఎక్కువై ముక్కు మొద్దుబారిందని కావచ్చు. దీపం దించి చూడటం పాత పద్ధతి, కింద మండే వాయువు ఉంటే అది పేలుతుంది. మూత రోజంతా తీసి ఉంచి, బ్లోయర్‌తో గాలి కొట్టి, గాలి కొలిచే పరికరం పట్టుకున్నవాళ్లతోనే దింపించండి. లోపల పెట్రోలు ఇంజిను పంపు పెట్టకూడదు. లోపలివాళ్లు పడిపోతే వెంటనే దూకడమే సహజంగా చేసే పని, రెండో ప్రాణం పోయేది అలాగే. మనిషికి ముందే తాడు కట్టి ఉంటే పై నుంచి లాగొచ్చు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషి దిగనేకూడదు.

బ్లీచింగ్‌ను టాయిలెట్ యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. ఒకటి వాడిన చోట ఇంకొకటి పోసినా అంతే. కాస్టిక్ సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, దాని మీద నీళ్లు పోస్తే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. డ్రెయిన్ క్లీనర్ పోసిన సింకును ప్లంజర్‌తో కొట్టకండి. కంట్లో పడితే పారే నీటితో 20 నిమిషాలు కడుగుతూనే ఉండాలి.

అవిసె నూనె తుడిచిన గుడ్డలు గాలితో కలిసి ఆరుతూ వేడి పుట్టిస్తాయి. ముద్దగా పడేస్తే ఆ వేడి బయటికి పోలేక కొన్ని గంటల్లో తనంతట తానే అంటుకుంటుంది. ఒక్కొక్కటి విడిగా ఆరుబయట పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

మళ్లీ కరెంటు ఇవ్వడం

షాక్ తగిలి తీగకు అతుక్కున్నవాళ్లను తాకకండి. ముందు మెయిన్ దించండి, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. అది అందకపోతే ఎండు కర్రతో తీగ తోసేయండి. ఊపిరి లేకపోతే అంబులెన్స్‌కు చెప్పించి, ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి.

పని సవ్యంగా అయితే ఎంసీబీ ఎత్తే ముందు టెర్మినళ్లు చూడండి. తీగ మీద 10 నుంచి 12 మిల్లీమీటర్లే ఒలిచి, రాగి బయటికి కనిపించకుండా లోపలికి దూర్చి, స్క్రూ బిగించి, ఒక్కో తీగనూ లాగి చూడాలి. ఊడి వస్తే అది ఇప్పుడే రావడం మంచిది. సన్నటి తీగ అయితే కొన మడిచి రెండింతలు చేసి బిగించండి. ఎర్త్ తీగ తిరిగి పెట్టారా చూడండి, అది లేకపోయినా అన్నీ పనిచేస్తాయి కాబట్టి మర్చిపోయినట్టు తెలియదు. ప్లేటు మూసి, స్క్రూలన్నీ వేశాకే ఎంసీబీ ఎత్తండి. మీరు పక్కకు జరిగి, ముఖం తిప్పుకుని, ఒక్కొక్కటిగా. గంట సేపు లోడ్ నడిచాక ప్లేటును చేతి వెనక భాగంతో తాకి చూడండి. వెచ్చగా ఉంటే లోపల ఒక స్క్రూ వదులుగా ఉండి ఉంటుంది. ఎంసీబీ దించి, మీటరుతో మళ్లీ మూడు జతలూ చూసి, ప్లేటు విప్పండి.